అప్పన్న కొండ చుట్టూ, ఆగి ఆగి

మీ వీధిలోంచి ఈ పౌర్ణమికి అరుణాచలం బస్సు బయల్దేరిందా? మా వీధిలోంచి బయల్దేరింది. పులిహోర డబ్బాలు, దుప్పట్లు, మోకాళ్ల నొప్పి మందులు సర్దుకుని, పిల్లల్ని అమ్మమ్మలకి అప్పజెప్పి, జనం సంబరంగా ఎక్కారు. వెళ్లి రావాల్సిందే. అరుణాచలేశ్వరుడి కొండ చుట్టూ 14 కిలోమీటర్లు నడిచి రావడం చిన్న భాగ్యమా? వాళ్లు తిరిగొచ్చి, ప్రసాదం పంచడానికి మా గుమ్మంలోకి వచ్చినప్పుడు నేను ఒక మాట అడుగుతుంటాను: "మన అప్పన్న కొండ చుట్టూ ఎప్పుడైనా నడిచారా అండీ?" ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: "ఆషాఢంలో కదండీ, ఆ జనంలో మేమెక్కడ నడవగలం!" ఇవాళ మీతో తీరిగ్గా కూర్చుని చెప్పుకోవాలనుకున్న కబురు అదే. ఆషాఢం దాకా ఆగక్కర్లేదు, ఒక్కసారే నడవక్కర్లేదు.

విశాఖలో ఉంటున్నవాళ్లకి సింహాచలం అప్పన్న గిరి ప్రదక్షిణ తెలియనిది కాదు. ఊరు దాటితే మాత్రం తెలిసినవాళ్లు బాగా తగ్గిపోతారు. గుంటూరులోనో హైదరాబాదులోనో చుట్టాల ఇళ్లలో మాట వచ్చినప్పుడు, చందనోత్సవం అంటే ఇట్టే గుర్తుపడతారు. ప్రదక్షిణ అనేసరికి "అక్కడా ఉందా?" అంటారు. ఉంది. 32 కిలోమీటర్లు ఉంది. కొండ కింద మొదటి మెట్టయిన తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, కొండని కుడిచేతి వైపు ఉంచుకుని అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా జోడుగుళ్లపాలెం దగ్గర సముద్రం దాకా వెళ్తారు. అక్కడ మునిగి లేచి, తడిబట్టలతోనే ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మాధవధార, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు, గోపాలపట్నం చుట్టి మళ్లీ తొలి పావంచా దగ్గరికి చేరతారు. అంటే విశాఖపట్నంలో సగం ఊరు ఆ ప్రదక్షిణ లోపలే ఉంది. పాలప్యాకెట్లకి, స్కూలు బస్సుకి, ఆఫీసుకి మనం రోజూ తిరిగే రోడ్లే అవి.

ఉత్తరాంధ్రలో ఏ ఊరి సంతలో నిలబడి "అప్పన్నా" అని పిలిచినా ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి చూస్తారు. అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ, సింహాచలం, సింహాద్రి, ఈ పేర్లన్నీ ఆ కొండ మీంచి ఇళ్లలోకి దిగినవే. ఆ కొండకీ కడలికీ ఉన్న చుట్టరికం కూడా పాతదే. ప్రహ్లాదుణ్ణి హిరణ్యకశిపుడు సముద్రంలోకి తోయించి, పైకి రాకుండా మీద ఈ కొండని పెట్టించబోయాడనీ, స్వామి పరుగు పరుగున వచ్చి బిడ్డని కాపాడాడనీ స్థలపురాణం చెబుతుంది. అందుకే జోడుగుళ్లపాలెం ఒడ్డున మునక వేస్తున్నప్పుడు ఆ కథలోకే దిగినట్టు అనిపిస్తుంది నాకు. స్వామి వరాహమూ నరసింహమూ కలిసిన మూర్తి. భూమిని ఎత్తినవాడి కొండ చుట్టూ తిరిగితే భూప్రదక్షిణ ఫలమని పెద్దలు అంటారు.

ఆషాఢ శుద్ధ చతుర్దశి రాత్రి సంగతి చూడనివాళ్ల కోసం కాస్త చెప్తాను. మధ్యాహ్నం స్వామివారి పుష్పరథం తొలి పావంచా దగ్గర కదులుతుంది. అంతకు ముందే, తెల్లవారుజాము నుంచే కొందరు నడక మొదలుపెట్టేసి ఉంటారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి, ఒడిశా నుంచి జనం బస్సుల్లో, రైళ్లలో దిగుతారు. చెప్పులు ఉండవు. చిన్నపిల్లలు నాన్నల భుజాల మీద, ముసలమ్మలు కోడళ్ల చెయ్యి పట్టుకుని. రోడ్డు పొడుగునా కాలనీలవాళ్లు బల్లలు వేసి మజ్జిగ, పులిహోర, అరటిపళ్లు, బిస్కెట్లు పెడతారు. కుర్రాళ్లు కాళ్ల నొప్పులకి స్ప్రేలు కొడతారు. కొన్ని వీధుల్లో ఇంటివాళ్లు గొట్టం పట్టుకుని, కాలుతున్న తారురోడ్డు మీద నీళ్లు చల్లుతారు. ఏడెనిమిది గంటలు, కొందరికి రాత్రంతా. వాన పడితే వానలోనే. ఒక ఏడాది ఇసుకతోట దగ్గర మెట్టు మీద కూర్చుని పాదాలు నొక్కుకుంటున్న ఒక ముసలావిడకి మంచినీళ్లిచ్చి, "ఆటో ఎక్కిస్తానమ్మా, ఇంక చాలు" అన్నాను. "మొక్కుకున్నాను బావూ. నడవాల గదేటి" అని లేచి, కొంగు నడుముకి బిగించి వెళ్లిపోయింది. ఆ మాట విన్నాక నేను ఎవరికీ ఆటో మాట ఎత్తలేదు.

ఆ రాత్రికి నేను దండం పెడతాను. దాన్ని తగ్గించి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. కానీ అందరి కాళ్లూ ఒకేలా ఉండవు. షుగరున్నవాళ్లు, మోకాళ్లు అరిగినవాళ్లు, చంటిపిల్లల తల్లులు, గుండెకి స్టెంటు వేయించుకున్నవాళ్లు, జనం ఒత్తిడి అంటే భయపడేవాళ్లు. వీళ్లంతా అప్పన్న భక్తులే కదా! ఇంకోటి కూడా ఉంది. విశాఖ షిఫ్టుల ఊరు. పోర్టులో షిఫ్టులు, షిప్‌యార్డులో షిఫ్టులు, ఉక్కు ఫ్యాక్టరీలో ఏ, బీ, సీ షిఫ్టులు, ఆసుపత్రుల్లో నైట్ డ్యూటీలు. ఆషాఢ చతుర్దశి నాడు ఎవరి డ్యూటీ ఎక్కడ పడుతుందో ఎవరు చెప్పగలరు? మా పక్కవీధిలో ఉక్కు ఫ్యాక్టరీలో చేసి రిటైరైన ఒక పెద్దాయన, సర్వీసంతా ఆ రాత్రి ఏదో ఒక షిఫ్టులోనే ఉండిపోయానని చెప్పేవారు. రిటైరయ్యేసరికి మోకాళ్లు పోయాయి. ఆయన కనిపెట్టిన ఉపాయమే ఇది: విడతలుగా నడవడం. ఒక ఆదివారం ఎక్కడ ఆగితే, మళ్లీ వీలైన రోజు సరిగ్గా అక్కడే మొదలుపెట్టడం. నేనూ మా ఆవిడా ఆయన వెనకే పడ్డాం.

"మధ్యలో ఆపితే ప్రదక్షిణ అవుతుందా?" అని మీరు అడుగుతారు. నన్ను మా అక్కయ్య కూడా అడిగింది. శాస్త్రం చెప్పడానికి నేను పండితుణ్ణి కాను. నా కళ్లతో చూసింది చెప్తాను. అప్పన్న స్వామి తన చందనాన్నే విడతలుగా తీసుకుంటాడు. ఏడాదికి ఒక్కసారి, వైశాఖ శుద్ధ తదియ నాడు, పూత వలిచి నిజరూప దర్శనం ఇస్తారు. ఆ రాత్రి తిరిగి మూడు మణుగుల చందనం సమర్పిస్తారు. వైశాఖ పౌర్ణమికి మరో మూడు, జ్యేష్ఠ పౌర్ణమికి మరో మూడు, చివరి మూడూ ఆషాఢ పౌర్ణమికి, అంటే గిరి ప్రదక్షిణ మర్నాటికి. నాలుగు విడతలు కలిస్తే పన్నెండు మణుగులు. ప్రతి విడతకీ ముందు కొన్ని రోజుల పాటు గుడిలో చందనం అరగదీత జరుగుతుంది. నాలుగు విడతల్లో నిత్యరూపం పొందే స్వామి, నాలుగు విడతల్లో తన చుట్టూ తిరిగే భక్తుణ్ణి కాదంటాడా? అనడని నా నమ్మకం. 32 కిలోమీటర్లు నడవలేనివాళ్లు పౌర్ణమి నాడు కొండ మీద గుడి చుట్టూ ప్రదక్షిణ చేసుకోవడం ఇప్పటికే వాడుకలో ఉంది కూడా.

బయటి దేశాల్లో చూసినా ఇది కొత్త కాదు. జపాన్‌లో షికోకు దీవి చుట్టూ 88 బౌద్ధ దేవాలయాల యాత్ర ఉంది. దాదాపు 1,200 కిలోమీటర్లు, చాలా చోట్ల సముద్రం పక్కనే. అక్కడ సెలవు దొరికినప్పుడు కొన్ని గుళ్లు, మళ్లీ ఏడాది కొన్ని గుళ్లు అలా ముక్కలుగా నడవడం అందరూ ఒప్పుకున్న పద్ధతే. దానికి వాళ్లు విడిగా ఒక పేరు కూడా పెట్టుకున్నారు. మనదగ్గర నర్మదా పరిక్రమ చేసేవాళ్లు చాతుర్మాస్యంలో నడక ఆపి ఎక్కడో ఒకచోట ఉండిపోతారు. ఆగడం కూడా యాత్రలో భాగమే అనుకున్నారు పెద్దవాళ్లు.

సరే, బయల్దేరదాం రండి.

తొలి విడత హనుమంతవాక దాకా పెట్టుకోండి, పది కిలోమీటర్ల దాకా ఉంటుంది. తొలి పావంచా దగ్గరికి తెల్లవారేసరికి చేరిపోవాలి. కొబ్బరికాయల కొట్ల పక్కన బుట్టల్లో సంపెంగలు ఉంటాయి. సింహాచలం సంపెంగ వాసన తెలిసినవాళ్లకి దాని గురించి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకి చెప్పినా లాభం లేదు, ఒకటి కొని జేబులో వేసుకోండి. పళ్ల కాలంలో కొండ మీంచి దింపిన పనసకాయలు, అనాసపళ్లు రోడ్డు పక్కన గుట్టలుగా పోసి ఉంటాయి. ఇక్కడ ఒక కాలనీకి పైనాపిల్ కాలనీ అనే పేరే ఉంది. పాత అడవివరం దాటితే ఇళ్లు పలచబడి, కుడిపక్క కొండ నిండుగా కనిపిస్తుంది. కొండకి ఎరుపు కలిసిన గోధుమరంగు రాయి. ఖోండలైట్ అంటారు, తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండేది ఈ రాయే. అప్పన్న గుడినీ ఈ రాతితోనే కట్టారు. గుడికి ఇప్పుడున్న రూపం ఇప్పించిన గాంగరాజు మొదటి నరసింహదేవుడే కోణార్కనీ కట్టించాడు, అక్కడా ఇదే జాతి రాయి.

కాస్త ముందుకెళ్తే సెంట్రల్ జైలు. ములాఖత్ రోజైతే సంచులు పట్టుకుని ఆడవాళ్లు చెట్ల నీడన కూర్చుని ఉంటారు, పిల్లలు వాళ్ల చుట్టూ తిరుగుతుంటారు. ఆషాఢం రాత్రి గోవిందనామాలు చెప్పుకుంటూ వేలమంది ఈ గోడ పక్కనుంచే వెళ్తారు. మామూలు రోజు పొద్దున్న ఇక్కడ రెండు నిమిషాలు నిలబడితే ఆ గోడ లోపలి మనుషులు గుర్తొస్తారు, వాళ్ల తరఫున కూడా ఒక దండం పెట్టుకోవాలనిపిస్తుంది. ఆ తర్వాత ముడసర్లోవ. ఊరికి నీళ్లిచ్చిన పాత జలాశయాల్లో ఇదొకటి. నీళ్ల మీద వరసగా తేలుతున్న నల్లటి పలకలు సౌర విద్యుత్తువి, 2018లో పెట్టారు, రెండు మెగావాట్లు. గట్టు పక్కన నీళ్లు నిశ్చలంగా ఉన్నప్పుడు అందులో కొండ తలకిందులుగా కనిపిస్తుంది. కంబాలకొండ అడవి ఈ పక్కనే మొదలవుతుంది. పొద్దున్నే నెమలి కూత వినిపించిందంటే నడక సుఖంగా సాగుతుంది.

ఆరిలోవ వచ్చేసరికి ఆసుపత్రుల వరస. విమ్స్, హెల్త్ సిటీ, ఇంకొంచెం ముందుకెళ్తే కంటి ఆసుపత్రి. ఏ పలాస నుంచో, పాలకొండ నుంచో రోగుల్ని తెచ్చుకున్నవాళ్లు టీకొట్ల దగ్గర ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటారు. వాళ్లలో చాలామంది ఇక్కడి పని అయ్యాక సింహాచలం వెళ్లి మొక్కు చెల్లించుకునే వెళ్తారు. ఈ పది కిలోమీటర్లలో గుడి, తోటలు, జైలు, చెరువు, అడవి, ఆసుపత్రి అన్నీ దాటి వచ్చాం. రాత్రిపూట జనంలో కొట్టుకుపోతూ నడిస్తే ఇవేవీ కంటికి ఆనవు. హనుమంతవాక దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి. ఆ లారీలని చూశాక ఇవాళ్టికి చాలనిపిస్తుంది. బస్సెక్కి ఇంటికి వెళ్లిపోండి.

రెండో విడత చిన్నది, కావాలనే చిన్నది చేసుకోండి. ఎందుకంటే ఇందులో సముద్రం ఉంది, సముద్రం దగ్గర తొందరపడకూడదు. హనుమంతవాక నుంచి విశాలాక్షినగర్ మీదుగా రోడ్డు పల్లానికి దిగుతుంది. అపార్టుమెంట్ల మధ్యనుంచి ముందు గాలి మారుతుంది, ఉప్పు తగులుతుంది, ఆ తర్వాత మలుపులో నీలం మొత్తం ఒక్కసారి విచ్చుకుంటుంది. ఎన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నా ఆ మలుపు దగ్గర నా అడుగు ఆగుతుంది.

జోడుగుళ్లపాలెం మత్స్యకారుల పల్లె. తెల్లవారి వేట నుంచి పడవలు వచ్చే వేళకి అక్కడ ఉండండి. ఒకప్పుడు దుంగలు కట్టిన తెప్పలు ఉండేవి, ఇప్పుడు ఫైబర్ బోట్లే ఎక్కువ. నలుగురు భుజాలు ఆనించి "ఐసా" అంటూ బోటుని ఇసకలోకి తోస్తారు. వలలోంచి కవళ్లు, కానాగంతలు విదిలిస్తుంటే ఆడవాళ్లు అక్కడికక్కడే వాటాలు తేలుస్తారు. మా ఆవిడ బేరం మొదలుపెట్టబోయి, యాత్రలో ఉన్నామని గుర్తొచ్చి, వచ్చే వారం వస్తానని చెప్పింది. వేసవిలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్లకి వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. నిషేధం ఎత్తేసి, బోట్లు మళ్లీ కడలిలోకి వెళ్లిన కొద్ది వారాలకే ఆషాఢ చతుర్దశి వస్తుంది. అందుకే ఆ రాత్రి ఈ పల్లెలో సందడి రెండింతలు.

ఒడ్డున చిరిగిన వలని కాలి బొటనవేలికి తగిలించి, సూదితో కన్ను కన్నుగా అల్లుతున్న ఒక ముసలాయన దగ్గర కూర్చున్నాను. నీలం నైలాన్ దారం. వేళ్లు చూడకుండానే పని చేసుకుపోతున్నాయి, కళ్లు మాత్రం కెరటాల మీద ఉన్నాయి. మునకకి దిగబోతున్నామని చెబితే తల అడ్డంగా ఊపాడు. "ఇక్కడొద్దు బావూ. పైకి సాపుగానే అవుపిస్తది, కాలు కింద ఇసక లాగేస్తది. ఆ పక్కకెల్లి, మోకాటి లోతులో కూకుని ముంచుకో" అన్నాడు. మీరు కూడా ఆ మాట అక్షరాలా పాటించండి. విశాఖ ఒడ్డు నాలుగడుగుల్లో లోతైపోతుంది, అడుగున లాగుడు ఉంటుంది. ఆషాఢంలో, నైరుతి గాలి వేళ కడలి మరీ పోటు మీద ఉంటుంది. అందుకే ప్రదక్షిణ రాత్రి పక్కనే ఉన్న అప్పూఘర్ ఒడ్డున గజ ఈతగాళ్లని కాపలా పెడతారు, వాళ్లలో ఎక్కువమంది ఈ పల్లెల కుర్రాళ్లే. మామూలు రోజుల్లో ఆ కాపలా ఉండదు. కాబట్టి చెంబుతో నీళ్లు ముంచి తల మీద పోసుకున్నా చాలు. సముద్రస్నానం అయినట్టే.

మునక అయ్యాక వెంటనే లేవకండి. దక్షిణం వైపు చూస్తే డాల్ఫిన్ నోస్ కొండ సముద్రంలోకి చొచ్చుకొచ్చి ఉంటుంది. దాని చాటునే మన పోర్టు, 1933లో తెరిచారు. రేవు ఖాళీ కోసం ఎదురుచూసే ఓడలు బయట లంగరు వేసి ఉంటాయి. రాత్రి ప్రదక్షిణలో ఇక్కడికి వచ్చినవాళ్లకి వాటి దీపాలు వరసగా కనిపిస్తాయి. 2020 అక్టోబరులో వాయుగుండం గాలికి బంగ్లాదేశ్ ఓడ ఒకటి లంగరు నిలవక కొట్టుకొచ్చి, ఇక్కడికి దగ్గర్లోనే తెన్నేటి పార్కు కింద రాళ్లెక్కేసింది. ఊరు ఊరంతా చూడటానికి కదిలింది.

ఉత్తరం వైపు తల తిప్పితే ఇంకో దారి. అది ఈ ప్రదక్షిణలోది కాదు గానీ, నడక అలవాటైనవాళ్ల కోసం చెప్తున్నాను. బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి దాకా వెళ్తే తొట్లకొండ, బావికొండ, పావురాళ్లకొండ, మూడు కొండల మీదా బౌద్ధారామాల శిథిలాలు. రెండు వేల ఏళ్ల కిందట భిక్షువులు ఆ గట్ల మీంచి ఓడల్ని చూస్తూ ధ్యానం చేసుకున్నారు. తొట్లకొండ సంగతి 1976లో నౌకాదళం సర్వేలో బయటపడింది, తవ్వకాలు 1988 నుంచి 1993 దాకా సాగాయి. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. దాన్నీ విడతలుగానే నడవచ్చు. ఆ కబుర్లు ఇంకోసారి.

మూడో విడత అచ్చంగా ఊళ్లోంచి. ఎంవీపీ డబుల్ రోడ్డు, వెంకోజీపాలెం, ఇసుకతోట, సీతమ్మధార, పోర్టు స్టేడియం. ఈ ముక్కలో ఎండ ఎక్కువ, నీడ తక్కువ, హారన్లు చెప్పక్కర్లేదు. చాలా చోట్ల ఫుట్‌పాత్ మీద బండ్లు, బోర్డులు. నడిచేవాడు రోడ్డు మీదకి దిగక తప్పదు. ఏడాదికొక రాత్రి ఈ రోడ్లని ఖాళీ చేసి, దీపాలు పెట్టి, నీళ్లు చల్లుతాం. మిగతా రోజుల్లో కూడా ఒక ముసలమ్మ భయం లేకుండా నడిచేంత జాగా ఉంచితే అది కూడా స్వామి సేవే. నగరపాలక సంస్థని నేను గట్టిగా అడిగేది ఇదొక్కటే: ఈ 32 కిలోమీటర్ల దారి పొడుగునా ఏడాదంతా నడవగలిగిన ఫుట్‌పాత్, అక్కడక్కడ మంచినీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్లు.

మాధవధార రాగానే ఆ చిరాకంతా పోతుంది. మెయిన్ రోడ్డు వదిలి లోపలికి, కొండ మొదట్లోకి వెళ్లండి. ప్రదక్షిణ జనంలో ఉన్నవాళ్లు రోడ్డు మీంచే వెళ్లిపోతారు, విడతగా నడిచేవాళ్లకి ఆగే తీరిక ఉంటుంది. చెట్ల కింద మాధవస్వామి గుడి, పక్కనే కొండ మీంచి దిగివచ్చే ధార. అప్పన్న కొండకి అటువైపు గంగధార, ఆకాశధార ఉన్నట్టే ఇటువైపు ఇది. పక్క కాలనీలవాళ్లు క్యాన్లతో వచ్చి నీళ్లు పట్టుకుంటారు. ఇక్కడినుంచి కొండ మీదుగా సింహాచలం గుడికి పాత మెట్లదారి ఉంది. రాళ్లు అరిగి, మధ్యలో వేర్లు అల్లుకుని ఉంటాయి. బస్సులు లేని రోజుల్లో విశాఖవాళ్లకి అప్పన్న దగ్గరికి దగ్గరి దారి అదే. ఈ విడత ఇక్కడే ఆపితే మంచిది. ఆ చల్లదనంలో కాసేపు కూర్చోవాలి.

నాలుగో విడత మురళీనగర్ మీదుగా ఎన్‌ఏడీ కొత్తరోడ్డు. నౌకాదళం ఆయుధ డిపో పేరు మీద ఏర్పడ్డ కూడలి. పొద్దున్న ఆరింటికి ఇక్కడ నిలబడితే ఈ ఊరు దేనిమీద బతుకుతోందో తెలుస్తుంది. గాజువాక, కూర్మన్నపాలెం వైపు ఫ్యాక్టరీల బస్సులు, నైట్ షిఫ్టు దిగి వస్తున్నవాళ్లు, టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ తింటూ హెల్మెట్ చంకలో పెట్టుకున్నవాళ్లు. 1966లో విశాఖ ఉక్కు కోసం ఆంధ్రదేశం అంతా రోడ్డెక్కింది. 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. ఆ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు కొత్త బండి కొన్నా, బిడ్డ పుట్టినా, ప్రమోషన్ వచ్చినా మొదట వెళ్లేది అప్పన్న కొండకే. బండ్ల పూజలకి సింహాచలంలో వరస ఎప్పుడూ ఉంటుంది.

గోపాలపట్నం దాటుతున్నప్పుడు కాసేపు మౌనంగా నడవండి. 2020 మే 7 తెల్లవారుజామున ఇక్కడికి పక్కనే, ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక కర్మాగారం నుంచి స్టైరీన్ వాయువు వెలువడి కనీసం పన్నెండు మందిని బలి తీసుకుంది. నిద్రలోంచి లేచి పరిగెత్తినవాళ్లు కొందరు రోడ్ల మీదే పడిపోయారు. ఆ పక్కనుంచే మనం పుణ్యం కోసం నడుస్తున్నాం. 2025 ఏప్రిల్ 30న, చందనోత్సవం తెల్లవారుజామున, కొండ మీద వానకి గోడ కూలి ఏడుగురు భక్తులు చనిపోయారు. క్యూలో నిలబడ్డవాళ్లు వాళ్లు. ఈ రెండు సంగతులూ చెప్పకుండా ఈ ఊరి యాత్ర గురించి రాయడం నాకు చేతకాదు. ఒకే రోజు, ఒకే గంట అందరం పోగవ్వాలనే పట్టుదల కాస్త సడలించుకుంటే బాగుంటుందని నేను అనడానికి ఆ రెండోది ముఖ్యమైన కారణం.

తర్వాత ప్రహ్లాదపురం. సముద్రంలో మొదలైన కథలోని పిల్లవాడి పేరు మీద ఊరు. ఆ తర్వాత గోశాల. అప్పన్నకి కోడెదూడల మొక్కు ఉంది కదా, పల్లెల నుంచి రైతులు తెచ్చి సమర్పించిన దూడలు ఇక్కడికి చేరతాయి. మొక్కేవాళ్లకి ఒక మాట: పాలు మరవని దూడని తల్లి నుంచి విడదీసి తేవద్దు, అది బతకదు. కాస్త పెరిగాక తీసుకురండి. అక్కడినుంచి తొలి పావంచా ఎంతో దూరం ఉండదు. చుట్టు పూర్తయింది. మెట్ల మీదుగా ఎక్కుతారో, బస్సులో వెళ్తారో మీ మోకాళ్లని అడగండి.

పైకి వెళ్లాక దర్శనం అయిపోయిందని వచ్చేయకండి, మండపం స్తంభాల దగ్గర ఆగండి. శాసనాల్లో అన్నిటికన్నా పాతది 1098-99 నాటిది, కుళోత్తుంగ చోళుడి కాలంలోది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో ఇక్కడికి వచ్చి స్వామికి నగలు సమర్పించిన సంగతీ రాతి మీద ఉంది. రాజుల మాట అలా ఉంచితే, గుడిలో అఖండదీపం వెలగడానికి ఆవుల్ని, భూమిని ఇచ్చిన మామూలు మనుషుల శాసనాలు నాకు మరీ ఇష్టం. వాళ్లంతా ఎక్కడెక్కడినుంచో నడిచే వచ్చి ఉంటారు, దారిలో ఎన్నో రాత్రులు ఆగే ఉంటారు.

ఎప్పుడు నడవాలి అంటే, కార్తికం నుంచి మాఘం దాకా మంచి కాలం. పొద్దున్న అయిదున్నరకి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకల్లా ఆపెయ్యండి. మొక్కు ఉంటే తప్ప చెప్పులు విప్పక్కర్లేదు, షుగరున్నవాళ్లు అసలు విప్పొద్దు. ముడసర్లోవ వైపు ఒంటరిగా చీకట్లో వెళ్లొద్దు. నీళ్ల సీసా ఇంటినుంచే తెచ్చుకోండి. ఎక్కడ ఆగారో అక్కడి గుర్తు, చెట్టో కొట్టో, కాగితం మీద రాసుకోండి, మళ్లీ వచ్చినప్పుడు తగువు ఉండదు. పిల్లల్ని ఒక్క విడతకైనా తీసుకురండి, ముఖ్యంగా సముద్రం విడతకి.

ఆషాఢ చతుర్దశి వచ్చేసరికి మీ ప్రదక్షిణ ఎలాగూ అయిపోయి ఉంటుంది. కాబట్టి ఆ రాత్రి మీ వీధి చివర ఒక బల్ల వెయ్యండి. పెద్ద డ్రమ్ము నిండా మంచినీళ్లు, పక్కన స్టీలు గ్లాసులు, కడగడానికి ఒక బకెట్టు పెట్టండి. ప్లాస్టిక్ కప్పులు మాత్రం వద్దు, మర్నాడు పొద్దున్న అవి గెడ్డల్లో పడి సముద్రానికే చేరతాయి. రెండు కుర్చీలు వేసి, పెద్దవాళ్లు కనిపిస్తే కూర్చోబెట్టండి. మీ ఇంటి బాత్రూము ఆడవాళ్లు వాడుకోవచ్చని గేటు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ఆ రాత్రి వాళ్లకి అన్నిటికన్నా అవసరమైనది అదే.